వెలుగును గోడకెక్కించే పని: చర్చి మొజాయిక్‌ను చదవడం, చేయించడం

కొత్త చర్చి కడుతున్న విచారణలో (ఒక ఫాదర్ గారి కింద ఉండే క్రైస్తవ సంఘంలో) బలిపీఠం వెనక గోడ లేచేసరికి ఫాదర్ గారు, సంఘ పెద్దలు కూర్చుని ముందుగా తేల్చుకునేది ఏ బొమ్మ పెట్టాలన్నది. క్రీస్తురాజా, లూర్దు మాతా, కడరా భోజనమా? బొమ్మ ఖాయమయ్యాక గాజు ముక్కలా, టైల్సా, చదరపు అడుగుకు ఎంత అన్న లెక్కలు మొదలవుతాయి. రంగులతో గీసే పటానికి ఈ వరస సరిపోతుంది, చిన్న చిన్న గాజు, రాతి ముక్కలు గుచ్చి చేసే మొజాయిక్‌కు సరిపోదు. గోడ ఏ దిక్కున ఉంది, దాని మీద వెలుగు ఎటునుంచి పడుతుంది, జనం ఎంత దూరం నుంచి చూస్తారు అన్నవి తేలితేగానీ ఏ బొమ్మ నిలబడుతుందో తెలియదు. మొజాయిక్‌లో అర్థం సగమే బొమ్మలో ఉంటుంది. మిగతా సగం ముక్కను కోసిన తీరులో, దాన్ని పెట్టిన వాలులో, ఆ బొమ్మకిచ్చిన చోటులో ఉంటుంది. పని తప్పితే అర్థమూ తప్పుతుంది. అందుకే ఈ వ్యాసంలో గుర్తుల అర్థాలను, గోడ పనిని విడదీయకుండా చెబుతున్నాం.

ఇళ్లలో రాతి చిప్స్ పోసి పాలిష్ పట్టే మొజాయిక్ గచ్చు, డాబా మీద పగిలిన తెల్ల టైల్స్ పరిచే పని బెజవాడ మేస్త్రీలకు బాగా తెలిసినవే. చర్చి గోడ మొజాయిక్‌కూ తాపీ అదే. కానీ ఆ రెండు పనుల్లో మంచి పనితనం అనిపించుకునేవే ఇక్కడ కొన్నిసార్లు దోషాలవుతాయి. ఎలాగో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

బంగారం ఎందుకు

ఇటలీలోని రావెన్నాలో పీఠాధిపతుల (బిషప్పుల) సొంత ప్రార్థనాలయం ఒకటుంది. సుమారు క్రీస్తు శకం 500లో కట్టారు. దాని ముంగిట్లో ఒక లాటిన్ పద్యం ఉంది. మొదటి పాదం భావం ఇది: వెలుగు ఇక్కడే పుట్టి ఉండాలి, లేదా ఇక్కడ చిక్కుపడి కూడా స్వేచ్ఛగా ఏలుతూ ఉండాలి. మొజాయిక్ ఆధ్యాత్మికత గురించి ఎవరైనా ఒక్క మాటే చెప్పమంటే ఈ పాదం చెబితే చాలు.

ఈ రోజుల్లో ప్రసంగాల్లో వినిపించే వివరణ వేరు. విడివిడి ముక్కలన్నీ కలిసి ఒక్క రూపమైనట్టు, విశ్వాసులందరూ కలిసి ఒక్క శ్రీసభ (కతోలిక సంఘం) అవుతారని చెబుతారు. పునీత (సెయింట్) పేతురు మొదటి లేఖలోని సజీవమైన రాళ్ల మాటతో అది చక్కగా కలుస్తుంది కూడా. దాన్ని కాదనక్కర్లేదు. అయితే పాత మొజాయిక్‌లు చేయించినవాళ్లు గోడల మీద రాయించుకున్న పద్యాల్లో పదే పదే కనిపించేది వెలుగు. అక్కడి నుంచి మొదలుపెడితే మిగతా గుర్తులన్నీ దారిన పడతాయి.

బంగారు నేపథ్యాన్ని చూసి చాలామంది అది ఆకాశమనో, చర్చి సంపదనో అనుకుంటారు. ఆదికాండంలో వెలుగు మొదటి రోజున వస్తుంది, సూర్యుడు నాలుగో రోజున గానీ రాడు. బైబిల్ చివరిదైన దర్శన గ్రంథం 21వ అధ్యాయంలో పరలోక నగరానికి సూర్యుడి అవసరమే ఉండదు, గొర్రెపిల్లే, అంటే క్రీస్తే, దానికి దీపం. సూర్యుడికి ముందూ, సూర్యుడి తర్వాతా ఉండే ఆ వెలుగే బంగారం. అందుకే బంగారు నేపథ్యం ముందు నిలబడ్డ పునీతుల వెనక సాధారణంగా నీడ పడి ఉండదు. వెలుగు ఫలానా మూల నుంచి వస్తోందని చెప్పడానికి వీలుండదు. ఈ మధ్య కంప్యూటర్‌లో తయారుచేసే డిజైన్లలో క్రీస్తు వెనక బంగారం పెట్టి, పాదాల కింద నల్లటి నీడ వేస్తున్నారు. ఆ నీడ ఒక్కటీ బంగారాన్ని మామూలు పసుపు గోడగా మార్చేస్తుంది.

ఇక పని. అసలైన బంగారు ముక్కలో మూడు పొరలుంటాయి. కింద మందపాటి గాజు, దాని మీద బంగారు రేకు, పైన ఒక మిల్లీమీటరుకు మించని పలచని గాజు. మూడింటినీ కొలిమిలో కలిపి ఒక్కటి చేస్తారు. రేకు గాజుల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి గాలి తగలదు, నల్లబడదు. బజారులో దొరికే బంగారు రంగు టైల్స్ చాలావాటికి ఆ పై గాజు ఉండదు, రంగు పూతే. నాలుగుసార్లు తుడిచేసరికి అంచుల దగ్గర లేస్తుంది. కొనేముందు ఒక ముక్కను విరిచి అంచు చూడండి. రేకు మీద గాజు పొర కనిపించకపోతే వద్దనండి.

రేకు దొరికాక వచ్చే పెద్ద తప్పు, దాన్ని మట్టంగా పెట్టడం. మట్టంగా పెట్టిన బంగారం అద్దంలా పనిచేస్తుంది. ఒకచోట నిలబడితే కళ్లు చెదురుతాయి, పది అడుగులు పక్కకు జరిగితే గోడంతా ముదురు గోధుమ రంగులోకి పోతుంది. పాత పనివాళ్లు ఒక్కో ముక్కను ఒక్కో వాలులో గుచ్చారు. ఎత్తైన గోడ మీద చాలా ముక్కలు కిందికి, జనం వైపు వంగి ఉంటాయి. 10 మిల్లీమీటర్ల ముక్కకు పై అంచు కింది అంచు కంటే 1 నుంచి 2 మిల్లీమీటర్లు ముందుకుంటే చాలు. అన్నీ ఒకే వాలులో ఉండకూడదు. అప్పుడు మనిషి నడుస్తుంటే మెరుపు గోడ మీద అతనితోపాటు కదులుతుంది. మంచి టైల్స్ మేస్త్రీకి చేయి పెట్టి నిమిరితే ఎక్కడా తగలకుండా ఉండాలన్నది పట్టుదల. బంగారు పని దగ్గర ఆ పట్టుదల వదులుకొమ్మని ముందే చెప్పాలి, నమూనాగా ఒక అడుగు చదరం చేసి, దీపం వేసి చూపించాలి. చూశాక వాళ్లకే అర్థమవుతుంది.

వాటికన్‌లోని పునీత పేతురు మహాదేవాలయంలో ఇందుకు తిరగబడ్డ ఉదాహరణ ఉంది. అక్కడి బలిపీఠాల మీది రంగుల చిత్రాలు చెమ్మకు పాడవుతుంటే వాటి స్థానంలో మొజాయిక్ నకళ్లు పెట్టారు. ఆ పని కోసమే 1727లో మొజాయిక్ కార్యశాలను స్థిరపరిచారు. వేల ఛాయల గాజుతో, అతుకులు కనిపించనంత నునుపుగా చేసిన ఆ చిత్రాలను చూసేవాళ్లు అవి కుంచెతో వేసినవే అనుకుంటారు. చేతి నైపుణ్యంలో వాటికి సాటి లేదు. కానీ చిత్రాన్ని అనుకరించడంలో పడి మొజాయిక్ తన వెలుగును వదులుకుంది. విచారణ చర్చికి ఆ దారి వద్దు.

ఏది ఎక్కడ ఉండాలి

చర్చి కట్టడం పై నుంచి కిందికి ఒక లోకపటం. గోపురం లేదా పైకప్పు పరలోకం. బలిపీఠం వెనక గుండ్రటి గోడ పరలోకం భూమిని తాకే చోటు. పక్క గోడలు రక్షణ చరిత్ర నడిచే దారి. నేల భూమి, నీళ్లు, మొక్కలు, జంతువులు. ఈ అమరిక తెలిస్తే ఏ మొజాయిక్ అయినా సగం చదివేసినట్టే.

అందులో గట్టిగా పట్టుకోవాల్సింది నేల సంగతి. రోమన్ చక్రవర్తి రెండో థియొడోసియస్ 427లో నేల మీద సిలువ గుర్తు వేయకూడదని శాసనం చేశాడు. పవిత్రమైనదానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మన జనానికి ఇందులో కొత్తగా చెప్పాల్సింది లేదు. అయినా గచ్చు డిజైన్లలో నడవ మధ్యన పెద్ద సిలువ పెట్టడం కనిపిస్తూనే ఉంది. నేలకు చేపలు, తీగలు, అలలు, ఆకులు చాలు.

గలిలీ సరస్సు ఒడ్డున తబ్గా చర్చిలో 5వ శతాబ్దపు గచ్చు మొజాయిక్ ఒకటి ఉంది. బుట్టలో రొట్టెలు, అటూ ఇటూ రెండు చేపలు. యేసు వేలమందికి పంచినట్టు సువార్త చెప్పే రొట్టెలు ఐదు, బుట్టలో కనిపించేవి నాలుగే. ఆ బొమ్మ ఉన్నది బలిపీఠం దగ్గర. ఐదో రొట్టె పైన బలిపీఠం మీద ఉందని భక్తులు చెప్పుకుంటారు. చేసినవాడి మనసులో అదే ఉందో లేదో గానీ, గుర్తు తన చోటుతో కలిసి ఎలా మాట్లాడుతుందో దీన్ని మించి చూపించే బొమ్మ లేదు. దాన్నే ఫొటో తీసి వరండా గోడకు అతికిస్తే అందులో నాలుగు రొట్టెలే మిగులుతాయి.

బలిపీఠం గోడకు ఒక నిలువు గీత ముఖ్యం. పైన దేవుని హస్తం లేదా పవిత్రాత్మ పావురం, దాని కింద క్రీస్తు లేదా సిలువ, కింద గొర్రెపిల్ల, దాని కింద నిజమైన బలిపీఠం. రావెన్నా పక్కన క్లాస్సేలో 549లో ప్రతిష్ఠించిన పునీత అపొల్లినారిస్ దేవాలయంలో ఈ గీత స్పష్టంగా కనిపిస్తుంది. పైన మేఘాల్లోంచి హస్తం, కింద 99 నక్షత్రాల నీలి వలయంలో రత్నాల సిలువ, సిలువ నడుమ చిన్న నాణెమంత క్రీస్తు ముఖం, దాని కింద చేతులు చాపి ప్రార్థిస్తున్న పునీతుడు. అది క్రీస్తు దివ్యరూపధారణ ఘట్టం, అంటే కొండ మీద ముగ్గురు శిష్యుల ముందు ఆయన రూపం వెలిగిపోయిన ఘట్టం. పేతురు, యాకోబు, యోహానులు మూడు గొర్రెలుగా ఉంటారు. దేవుడి రూపం గీయకుండా మహిమను చూపించడానికి ఆ పనివాళ్లు ఎంత ఆలోచించారో చూడండి.

రూపం గీయకుండా సన్నిధిని చూపడం గుంటూరు ప్రాంతానికి కొత్త కాదు. అమరావతి స్తూపపు తొలి శిల్పాల్లో బుద్ధుడి విగ్రహం ఉండదు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, ధర్మచక్రం ఉంటాయి. రావెన్నాలోని ఏరియన్ (క్రీస్తు తండ్రితో సమానుడు కాదన్న పాత క్రైస్తవ శాఖ) జ్ఞానస్నాన మందిరం పైకప్పులోనూ ఖాళీ సింహాసనమే ఉంటుంది, దాని మీద సిలువ. తిరిగి రానున్న క్రీస్తు కోసం సిద్ధం చేసిన ఆసనం అది. ఒకదాన్ని చూసి ఇంకొకటి చేశారని చెప్పడం లేదు. ఇక్కడి కన్నుకు ఆ భాష ముందే అలవాటని మాత్రం చెప్పవచ్చు. గుంటూరు, పల్నాడు విచారణల్లో ఎవరైనా బలిపీఠం గోడకు ఖాళీ సింహాసనం ఎంచుకుంటే జనానికి వివరించడం కష్టం కాదు.

గుర్తులు, వాటితో వచ్చే చిక్కులు

తల చుట్టూ ఉండే వలయంలో సిలువ గీతలు ఉంటే అది క్రీస్తు. ఉత్త గుండ్రటి వలయం పునీతులది, దేవదూతలది. చతురస్రపు వలయం కనిపిస్తే, ఆ మొజాయిక్ చేసేనాటికి ఆ మనిషి బతికే ఉన్నాడని అర్థం. రోమ్‌లోని పునీత ప్రస్సేదె దేవాలయంలో, 9వ శతాబ్దంలో దాన్ని కట్టించిన పోప్ మొదటి పాస్కల్ అలాగే కనిపిస్తాడు, చేతిలో చర్చి నమూనాతో. మన దగ్గర దాతల కుటుంబాన్ని బొమ్మలో చేర్చమనే కోరిక వస్తుంటుంది. వాళ్ల తలల చుట్టూ గుండ్రటి వలయం వేయడం మాత్రం కుదరదు. పేరు కింద రాతిపలక మీద ఉంటే చాలు.

నలుగురు సువార్తికుల (సువార్తలు రాసినవాళ్ల) గుర్తులు యెహెజ్కేలు గ్రంథం నుంచి, దర్శన గ్రంథం నుంచి వచ్చాయి. మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద. నాలుగింటికీ రెక్కలుంటాయి. రెక్కలు వదిలేస్తే ఎద్దును చూసి నంది అనుకునేవాళ్లు ఉంటారు. ఇది చిన్న విషయం కాదు. గుణదల కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల ఉత్సవాలకు వచ్చేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు కూడా చాలామంది. 1924లో అక్కడ మాత స్వరూపం పెట్టినప్పటి నుంచి ఆ చోటు అందరిదీ అయింది. ఇలాంటి చోట్ల గుర్తు తనంతట తాను చదివించుకోవాలి.

నెమలి దగ్గర ఈ చిక్కు ఇంకా ఎక్కువ. దాని మాంసం కుళ్లదని పూర్వం నమ్మేవారు. పునీత అగుస్తీను దాన్ని పరీక్షించి చూశానని కూడా రాశాడు. అలా నెమలి అమరత్వానికి, పునరుత్థానానికి గుర్తయింది. మన దగ్గర నెమలి అనగానే కుమారస్వామి వాహనం గుర్తొస్తుంది. నెమలిని మానేయమని కాదు, ఒంటరిగా పెట్టవద్దు. నీటి పాత్రకు అటూ ఇటూ రెండు నెమళ్లు తాగుతున్నట్టు పెడితే జీవజలం అర్థం నిలబడుతుంది, పాత మొజాయిక్‌ల అమరిక కూడా అదే.

దుప్పులది తేలిక. నీటి వాగు కోసం దుప్పి తపించినట్టు దేవుని కోసం ప్రాణం తపిస్తోందన్న 42వ కీర్తన అందరికీ నోటికి వచ్చిందే. జ్ఞానస్నాన తొట్టి దగ్గర గోడకు ఇంతకంటే తగిన బొమ్మ దొరకదు. రోమ్‌లోని పునీత క్లెమెంటు దేవాలయంలో 12వ శతాబ్దపు మొజాయిక్‌లో సిలువ పాదం నుంచే వాగులు పారుతుంటే దుప్పులు తాగుతుంటాయి. ఆ సిలువ మీద 12 తెల్ల పావురాలు, అంటే అపోస్తలులు. సిలువ మొదలు నుంచి లేచిన తీగ చుట్లు చుట్టుకుంటూ గోడంతా నిండిపోతుంది. ఆ చుట్ల మధ్యలో పక్షులు, కోళ్లకు మేత వేస్తున్న మనిషి, గొర్రెలు కాసేవాళ్లు. చంపడానికి నిలబెట్టిన కొయ్య జీవవృక్షమై మామూలు మనుషుల పనీపాటల్ని తన కొమ్మల్లోకి తీసుకుంది. గంటసేపు చూసినా తరగని బొమ్మ అది. కృష్ణా డెల్టాకు దాన్ని తెచ్చుకుంటే ఆ చుట్లలో వరి నాట్లు, మిరప కోత, వల విసిరే జాలరి హాయిగా ఇమిడిపోతారు.

అయితే ఇక్కడ ఒక గీత ఉంది. సత్ప్రసాద మందసం (పూజలో పవిత్రం చేసిన అప్పాన్ని ఉంచే పెట్టె) మీద, బలిపీఠం ముఖం మీద గోధుమ కంకుల బదులు వరి కంకులు పెడదామని కొందరు అంటారు. దివ్యసత్ప్రసాదపు అప్పం గోధుమదే అయి ఉండాలని శ్రీసభ చట్టం 924వ నిబంధన. ఆ గుర్తు నేరుగా ఆ అప్పాన్ని చూపుతుంది కాబట్టి అక్కడ గోధుమే ఉండాలి. సృష్టి, పంట, కృతజ్ఞత చూపే పక్క గోడల్లో వరికి పూర్తి హక్కు ఉంది.

మరియమాత రంగుల్లో జరిగే కలగాపులగం గురించి కూడా చెప్పాలి. 1858లో ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్తు అనే బాలిక చూసినట్టు చెప్పిన రూపం తెల్లని వస్త్రం, నీలం నడికట్టు, ఒక్కో పాదం మీద పసుపు గులాబీ. పాత మొజాయిక్‌ల మాత వేరు. ముదురు నీలం లేదా ఊదా మేలిముసుగు, నుదుటి మీద ఒకటి, భుజాల మీద రెండు నక్షత్రాలు. ఆ మూడూ క్రీస్తు పుట్టకముందు, పుట్టినప్పుడు, పుట్టిన తర్వాత నిలిచిన కన్యత్వానికి గుర్తులు. లూర్దు మాతకు నీలం ముసుగు కప్పి, నక్షత్రాలు పెట్టి, గులాబీలు మరిచిపోతే ఆ రూపం రెండింటిలో ఏదీ కాదు. తెల్లని వస్త్రానికి తెల్ల గాజు ఒక్కటే వాడితే దూరానికి సున్నం కొట్టినట్టుంటుంది. మడతలకు లేత బూడిద, లేత నీలం, లేత ఆకుపచ్చ కలపాలి.

గోడ దగ్గర

ముక్క ఎంత పెద్దది ఉండాలన్నది దూరాన్ని బట్టి. 12 నుంచి 15 మీటర్ల దూరం నుంచి చూసే బలిపీఠం గోడకు 10 నుంచి 15 మిల్లీమీటర్ల ముక్కలు సరిపోతాయి. ముఖాలు, చేతులు 5 నుంచి 8. జపమాల చేతబట్టుకుని దగ్గరగా నిలబడి చూసే చిన్న పీఠానికి ఇంకా సన్నం కావాలి. 10 మిల్లీమీటర్ల ముక్క, ఒకటిన్నర మిల్లీమీటరు సందుతో వేస్తే చదరపు మీటరుకు సుమారు 7,500 ముక్కలు. 20 మిల్లీమీటర్లైతే 2,000 పైచిలుకు. 5 మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటరు సందైతే 27,000 దాటుతుంది. ధర చెప్పేవాళ్లు చదరపు అడుగుకు ఒకే రేటు చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. ముఖం పని, నేపథ్యం పని ఒకే రేటుకు చేస్తామంటే ముఖం కూడా నేపథ్యంలాగే తేలుతుంది.

అన్నీ గాజే అక్కర్లేదు. మెరిసేది మెరవాలంటే పక్కన మెరవనిది ఉండాలి. మాచర్ల వైపు దొరికే నాపరాయి, కడప నల్లరాయి, మార్కాపురం పలకరాయి చేతి పటకారుకు, సుత్తికి లొంగుతాయి. మనుషుల చర్మానికి, కొండలకు, నేలకు రాయి గాజు కంటే నిండుగా ఉంటుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో నల్లటి రాతిలోనే బంగారు చుక్కలు ఉంటాయి. రావెన్నాలోని గల్లా ప్లాసిదియా సమాధి మందిరంలో ముదురు నీలి కప్పు నిండా బంగారు నక్షత్రాలుంటాయి. ఆ భావాన్ని ఇక్కడి రాతితోనే రాత్రి ఆకాశంగా చెప్పవచ్చు. గ్రానైట్ చేత్తో తెగదు, డైమండ్ బ్లేడుతో పట్టీలుగా కోయించి తర్వాత విరుచుకోవాలి. ఏది కోసినా కళ్లద్దాలు తప్పనిసరి.

ముక్కల వరసలు ఎటు నడవాలన్నది కూడా అర్థంలో భాగమే. ముగ్గులో గీత చుక్క చుట్టూ తిరిగినట్టు, నేపథ్యపు వరసలు మొదట బొమ్మ అంచును చుట్టి రావాలి. రెండు మూడు వరసలు అలా చుట్టాకే అడ్డ వరసల్లోకి వెళ్లాలి. చెంప మీద వరసలు చెంప ఒంపును పట్టాలి. కంప్యూటర్ గళ్లలో చేసిన షీట్లలో ఇది ఉండదు. అన్ని ముక్కలూ ఒకే చతురస్రాలు, ఒకే వరస. దగ్గరకు వెళ్తే ముఖం మాయమై గళ్లే మిగులుతాయి.

చేసే పద్ధతులు రెండు. ముక్కల్ని నేరుగా గోడకు గుచ్చడం ఒకటి. బల్ల దగ్గర కాగితం మీద ముక్కల ముఖం కిందికి పెట్టి మైదా జిగురుతో అతికించి, ఆ కాగితాన్ని గోడకు తిప్పి వేసి, గోడ మీది జిగురు ఆరాక తడిపి కాగితం ఊడదీయడం రెండోది. రెండో పద్ధతి చవక, పరంజా మీద రోజులు తగ్గుతాయి. కానీ అందులో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కాగితం మీద గీతను ముందే తిరగేసి గీయకపోతే, ఆశీర్వదించే క్రీస్తు చేయి ఎడమ చేయి అవుతుంది. క్రీస్తుకు గుర్తులైన ఆల్ఫా, ఒమేగాలు (గ్రీకు మొదటి, చివరి అక్షరాలు) చోట్లు మార్చుకుంటాయి. ముక్కల ముఖాలన్నీ కాగితానికి ఆనుకుని ఉంటాయి కాబట్టి బంగారం కూడా మట్టమైపోతుంది. మా సలహా, బొమ్మల్ని బల్ల దగ్గర చేసుకోండి, బంగారాన్ని మాత్రం గోడ మీద నేరుగా గుచ్చించండి. షీట్లుగా కోసేటప్పుడు గీత ముఖం మధ్య నుంచి, చేతి మధ్య నుంచి పోకూడదు. వస్త్రపు మడత వెంబడి, బొమ్మ అంచు వెంబడి కోసి, ప్రతి షీటుకూ వెనక అంకె, పైకి ఉండే దిక్కు రాయాలి.

గోడ సిద్ధం కాకుండా తొందరపడితే అన్నీ వృథా. కొత్త ప్లాస్టరింగ్ 28 రోజులు ఆరాలి. లప్పం, పీఓపీ పూర్తిగా గీకేయాలి, వాటి మీద వేసిన మొజాయిక్ లప్పంతో సహా ఊడి వస్తుంది. గాజు, జిగురు కలిపి చదరపు మీటరుకు 15 నుంచి 20 కిలోల బరువు ఉంటుంది. పాత ఇటుక గోడల్లో కింద మీటరు ఎత్తు దాకా నేల చెమ్మ ఎక్కి ఉప్పు పూస్తుంది. 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపు వేసి 16 గంటలు గోడకు ఉంచండి. లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే ముందు చెమ్మ సంగతి చూడాలి, లేదా మొజాయిక్‌ను ఆ ఎత్తు పైనుంచి మొదలుపెట్టాలి. కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసే చోట సన్న పగులు రావడం దాదాపు ఖాయం. ఆ గీత ఎక్కడుందో ముందే గుర్తు పెట్టుకుని, ఫైబర్ జాలీ వేసి, డిజైన్‌లో అక్కడ ముఖం రాకుండా చూడాలి. పెద్ద గోడ మీద సుమారు 3 మీటర్లకు ఒకచోట సాగే జాయింటు వదలాలి. దాన్ని వస్త్రపు అంచులోనో, నదీ రేఖలోనో దాచవచ్చు.

గాజు నీరు పీల్చదు కాబట్టి ఉత్త సిమెంట్ దాన్ని పట్టదు. పాలిమర్ కలిసిన తెల్ల టైల్ జిగురు, 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం. బూడిద రంగు జిగురు వాడితే పలచని గాజులోంచి అది కనిపించి రంగు మాసిపోతుంది. జిగురు బస్తా మీద రాసే 20 నిమిషాల గడువు 23 డిగ్రీల వేడికి లెక్కగట్టింది. బెజవాడ మే నెలలో అందులో సగం కూడా చేతికి రాదు, పైన పొర కట్టేస్తుంది. వేలు ఆనిస్తే జిగురు అంటకపోతే గీకి పారేయాల్సిందే. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ఆపడం, లేదా నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పని పెట్టుకోవడం మేలు.

చివరికొచ్చి పనిని పాడుచేసేది వైట్ సిమెంట్. సందులన్నీ తెల్లగా నింపితే ముదురు నీలం, ఎరుపు అన్నీ పాలిపోతాయి. బొమ్మ మీద మంచు పట్టినట్టుంటుంది. బొమ్మలకు నడిమి బూడిద, చీకటి భాగాలకు ముదురు బూడిద వాడాలి. వాలుగా గుచ్చిన బంగారానికి అసలు గ్రౌట్ (సందులు నింపే ముద్ద) పూయకూడదు. అడుగు జిగురే సందుల్లోకి సగం దాకా వస్తే చాలు. శుభ్రం చేయడానికి యాసిడ్ తేవద్దు. అది నాపరాయిని తినేస్తుంది, గ్రౌట్‌ను పొడి చేస్తుంది. మంచినీళ్లు, మెత్తని స్పాంజి చాలు.

దీపాలు ఎదురుగా ఫ్లడ్ లైట్లుగా పెడితే ఇంత కష్టం నీళ్లపాలు. పక్కల నుంచి, 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, 2700 నుంచి 3000 కెల్విన్ల వెచ్చటి ఎల్ఈడీలు పెట్టి, వెలుగు తగ్గించే స్విచ్ అమర్చండి. పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి చర్చి అంతా చీకటి చేసి పాస్కా కొవ్వొత్తి లోపలికి తెచ్చే ఆ కొద్ది నిమిషాలు ఎల్ఈడీలన్నీ ఆపేయాలి. కదిలే మంటకే ఆ బంగారం పూర్తిగా పలుకుతుంది.

ఎవరు ఒప్పుకోవాలి

రెండో వాటికన్ మహాసభ 1963లో ఇచ్చిన ఆరాధన పత్రం ఆర్భాటం కంటే హుందా అయిన అందం కావాలంది. స్వరూపాల సంఖ్య మితంగా, వరస సక్రమంగా ఉండాలంది. పవిత్ర కళ విషయంలో మేత్రాసన (పీఠాధిపతి పాలనలోని ప్రాంతపు) సంఘాన్ని సంప్రదించమంది. కాబట్టి చిన్న స్కేలు గీత, రంగుల నమూనా, ఒక అడుగు చదరం చేసిన ముక్క, ఈ మూడూ పీఠాధిపతుల కార్యాలయానికి వెళ్లాకే గాజు కొనాలి. పటం నచ్చకపోతే దించవచ్చు, మొజాయిక్‌ను దించాలంటే ప్లాస్టరింగ్‌తో సహా కొట్టాలి. లూర్దు జపమాల మహాదేవాలయం ముఖద్వారానికి 2008లో కొత్త మొజాయిక్‌లు పెట్టారు. వాటిని చేసిన కళాకారుడి మీద స్త్రీలు తీవ్రమైన ఆరోపణలు చేశాక, బాధితులు ఆ ద్వారం దాటి లోపలికి రావడం కష్టమని అక్కడి పీఠాధిపతులు 2025 మార్చిలో ద్వారాల దగ్గరి మొజాయిక్‌లను పలకలతో కప్పించారు. గుర్తు ఎంత మంచిదైనా చూసేవాళ్ల గాయాన్ని దాటి పనిచేయలేదు. ఆ నిర్ణయం సరైనదేనని మా అభిప్రాయం. పని ఎవరికి ఇస్తున్నామన్నది కూడా విచారణ నెమ్మదిగా ఆలోచించాల్సిన సంగతే.

పని ముగిసిన రోజున మేస్త్రీ నుంచి మూడు తీసుకుని విచారణ కార్యాలయంలో భద్రపరచండి. పూర్తి కొలత గీత, ఏ రంగు ఎక్కడ కొన్నదో రాసిన కాగితం, ప్రతి రంగులోనూ వాడినదాంట్లో 5 శాతం ముక్కలు. ఒక కొలిమిలో కాల్చిన నీలం రెండోసారి అచ్చంగా అదే ఛాయలో రాదు. పదిహేనేళ్ల తర్వాత మాత ముసుగులో నాలుగు ముక్కలు రాలితే, వాటి చోటు నింపేది ఆ డబ్బాలో దాచిన ముక్కలే.